హైడ్రోజన్ లారీల పరీక్ష ఫలితాలు జనానికి తెలియాలి

జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ కింద కేంద్ర ప్రభుత్వం 2025 మార్చిలో ఐదు ప్రయోగాత్మక ప్రాజెక్టులను మంజూరు చేసింది. మొత్తం 37 బస్సులు, లారీలు. వాటిలో 15 ఫ్యూయల్ సెల్‌తో, 22 హైడ్రోజన్‌ను నేరుగా మండించే ఇంజన్‌తో నడుస్తాయి. వీటికి 9 ఇంధన కేంద్రాలు, సుమారు రూ.208 కోట్ల ఆర్థిక సాయం. ఎంపికైన మార్గాల్లో జంషెడ్‌పూర్–కళింగనగర్ ఒకటి, విశాఖపట్నం–బయ్యవరం మరొకటి. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఉక్కు నగరంలోనూ, ఇటు ఆంధ్ర తీరంలోనూ ఒకే పరీక్ష జరుగుతోందన్నమాట.

ఫ్యూయల్ సెల్‌లో మంట ఉండదు. ఒకవైపు నుంచి హైడ్రోజన్, మరోవైపు నుంచి గాలిలోని ఆక్సిజన్ చేరతాయి. ప్లాటినం ఉత్ప్రేరకం హైడ్రోజన్‌ను ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడదీస్తుంది. ప్రోటాన్లు పలుచని పొరను దాటిపోతాయి. ఎలక్ట్రాన్లకు ఆ దారి లేదు కనుక తీగల మీదుగా చుట్టూ తిరిగి వెళతాయి. ఆ ప్రవాహమే మోటారును తిప్పే కరెంటు. చివరికి మిగిలేది నీరు, వేడి. హైడ్రోజన్‌ను మండించే ఇంజన్‌లో మాత్రం అధిక వేడికి నైట్రోజన్ ఆక్సైడ్లు కొంత పుడతాయి. అందుకే ఈ రెండు రకాల వాహనాల ఫలితాలనూ విడివిడిగా చూడాలి.

అసలు ప్రశ్న హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుందన్నది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తయారు చేయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అదే కిలో ఫ్యూయల్ సెల్‌లో తిరిగి ఇచ్చేది 16 నుంచి 18 యూనిట్లు. అంటే మూడింట రెండు వంతులు దారిలోనే పోతాయి. బ్యాటరీలో ఈ నష్టం చాలా తక్కువ. కాబట్టి ఆటోలకు, స్కూటర్లకు, ఊళ్లో తిరిగే కార్లకు హైడ్రోజన్ అక్కర్లేదు. టన్నుల కొద్దీ బరువుతో వందల కిలోమీటర్లు వెళ్లి, గంటల తరబడి ఛార్జింగ్‌కు ఆగలేని లారీల విషయంలోనే ఈ పరీక్షకు అర్థముంది.

ఆ కరెంటు బొగ్గుదైతే లెక్క తలకిందులవుతుంది. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. 50 యూనిట్లకు అది 35 కిలోలు. బరువైన లారీ కిలో హైడ్రోజన్‌తో వెళ్లే దూరానికి డీజిల్ అయితే సుమారు పది కిలోలే వదులుతుంది. కిలో హైడ్రోజన్‌కు రెండు కిలోలకు మించి ఉద్గారాలు ఉండకూడదని కేంద్రం 2023 ఆగస్టులో హరిత ప్రమాణం పెట్టింది. ఆ గీత లోపలే ఉన్నామని ప్రతి ఇంధన కేంద్రమూ చూపించాలి.

ఇక నీరు. టాటానగర్ స్టేషన్ పక్కనున్న బాగ్‌బేరా, కంపెనీ నీళ్లూ కరెంటూ అందే పరిధికి బయటి ప్రాంతం. అక్కడి తాగునీటి పథకానికి 2015లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత కూడా కుళాయి నీళ్ల కోసం జనం ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. కిలో హైడ్రోజన్‌కు కనీసం తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. లారీకి రోజుకు 30 కిలోలు పడితే 270 లీటర్లు. గ్రామీణ నీటి పథకాల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున చూస్తే, ఇది ఐదుగురున్న ఇంటి వాడకం. పరిశ్రమలు తాగే నీటితో పోలిస్తే ఇది చిన్న మొత్తమే. అయినా బిందెలతో వరుసలో నిలబడిన వాళ్లకు ఆ నీరు ఎక్కడిదో చెప్పి తీరాలి.

భవనాల సంగతీ ఇంతే. విశాఖ సమీపంలోని సింహాద్రి అతిథి గృహంలో పగటి సౌరవిద్యుత్తుతో హైడ్రోజన్ తయారు చేసి, రాత్రంతా ఫ్యూయల్ సెల్‌తో కరెంటు ఇచ్చే మైక్రోగ్రిడ్‌ను ఎన్టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి వ్యవస్థ అతిథి గృహం కన్నా, కరెంటు పోతే డీజిల్ జనరేటర్ మోగే ఆసుపత్రిలోనో, నీటి పంపు దగ్గరో ఎక్కువ పాఠం నేర్పుతుంది. జపాన్ 2005 నుంచి మూడు వేలకు పైగా ఇళ్లలో ఫ్యూయల్ సెల్స్ పెట్టి, వాటి పనితీరును ఏళ్ల తరబడి నమోదు చేసింది. 2009లో అమ్మకాలు మొదలయ్యాక అవి లక్షల ఇళ్లకు చేరాయి. యూరప్ కూడా 2003లో తొమ్మిది నగరాల్లో 27 బస్సులు నడిపి, లోపాలతో సహా ఫలితాలు వెల్లడించింది.

జంషెడ్‌పూర్‌కు ఈ పరీక్ష ఉద్యోగాల విషయం కూడా. హైడ్రోజన్ ఇంజన్ల తయారీకి టాటా–కమిన్స్ ఉమ్మడి సంస్థతో జార్ఖండ్ ప్రభుత్వం 2023లో ఒప్పందం చేసుకుంది. డీజిల్ ఇంజన్ల మీద బతికే కార్మికుడికి తన పిల్లలు ఏ పని నేర్చుకోవాలో ఈ ఫలితాలే చెప్పాలి.

అందుకే మూడు నెలలకోసారి కొన్ని అంకెలు బహిరంగంగా రావాలి: కిలోమీటరుకు ఎంత హైడ్రోజన్ ఖర్చయింది, అది ఏ కరెంటుతో తయారైంది, నీరు ఎక్కడిది, బండి ఎన్ని రోజులు మరమ్మతులో ఉంది, టన్ను సరుకు మోయడానికి ఎంత ఖర్చయింది. హిందీ, సంతాలీ, ఒడియా, తెలుగు భాషల్లో ఒక్క పేజీ చాలు. రూ.208 కోట్లు ప్రజల సొమ్ము. పరీక్షలో బండి తప్పినా ఆ సొమ్ము వృథా కాదు. ఎందుకు తప్పిందో దాచిపెడితేనే వృథా.