రెండు నిలువుల నీరు

“అవగాహన” అనే మాటను మనం ప్రతిదినమూ వాడుతూనే ఉంటాము. అవగాహన సదస్సులు, అవగాహన ర్యాలీలు, అవగాహనా రాహిత్యం... ఇన్నిచోట్ల నలిగిన ఈ మాటకు సంస్కృతంలో మొదటి అర్థం నీళ్ళలో మునగడం. విషయంలోనికి దిగి మునిగినవానికే అది తెలుస్తుందనే భావంతో మన భాషలో దానికి “తెలుసుకోవడం” అనే అర్థం స్థిరపడింది. ఇటువంటిదే మరొక మాట “అగాధం”. గాధమంటే కాలు ఆనే చోటు; అగాధమంటే ఆననిది. మన తెలుగువాడు ఇంత శ్రమ కూడా పడకుండా తన ఒంటితోనే నీటిని కొలిచాడు. మోకాలిలోతు, మొలలోతు, గుండెలోతు, పీకలలోతు. అది దాటితే నిలువులోతు, రెండు నిలువుల లోతు.

ఈ పదచర్చ ఎందుకయ్యా అంటారేమో! ఈ టపా నీళ్ళలోనికి దూకే ఆటను గురించి. ఒలింపిక్స్‌లో డైవింగ్ పోటీలు చూసేటప్పుడు మన కన్నంతా పది మీటర్ల ఎత్తున వేదిక అంచుమీద నిలిచిన ఆ పిల్లలమీదనే ఉంటుంది. ఆ ఎత్తు ఎవరైనా కట్టవచ్చును. నాలుగు స్తంభాలు, ఒక పలక, మెట్లు ఉంటే చాలును. ఆ ఆటకు ప్రాణం అడుగున ఉన్న లోతు. మన కృష్ణా డెల్టా పిల్లలకు ఎత్తులు చాలా ఉన్నాయి, లోతు తెలిసిన నీరే కరవు. నేను చెప్పదలచినది ఇంతే.

అంతర్జాతీయ జలక్రీడల సమాఖ్య (పూర్వం ఫినా అనేవారు, 2023 నుండి వరల్డ్ ఆక్వాటిక్స్ అంటున్నారు) విధించిన కొలతలు చూడండి. పది మీటర్ల వేదిక క్రింద కనీసం 4.5 మీటర్ల నీరు ఉండాలి, 5 మీటర్లుంటే మేలు. ఏడున్నర మీటర్ల వేదికకు కనీసం 4.1. అయిదు మీటర్ల వేదికకైనా, మూడు మీటర్ల ఊగుపలకకైనా (స్ప్రింగ్‌బోర్డు) 3.7. ఇక ఒకే ఒక మీటరు ఎత్తున ఉండే పలకకు? 3.4 మీటర్లు! నన్ను ఆశ్చర్యపరచిన అంకె ఇదే. బడిపిల్లవాని ఛాతీ ఎత్తు కూడా లేని పలక మీదినుండి దూకడానికి రెండు నిలువుల నీరు కావాలన్నమాట. మామూలు ఈతకొలనులలో చాలావాటికి ఆ లోతు ఉండదు. అందుకే పెద్ద ప్రాంగణాలలో ఈతకు వేరుగా, దూకడానికి వేరుగా కొలనులు కడతారు. ఈ రెండవదానికి మనకు చక్కని పాతమాట ఉండనే ఉంది: మడుగు. ఏటిలో నీరు లోతుగా నిలిచిన చోటు మడుగు. కనుక ఈతకు కొలను, దూకుటకు మడుగు. “దూకుమడుగు” అందామా? ఇంతకంటె మంచి మాట మీకు తోస్తే తెలుపగలరు.

పది మీటర్ల పైనుండి పడే మనిషి సుమారు 1.4 సెకన్లలో నీటిని తాకుతాడు. అప్పటికి వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఆ కొద్దిసేపటిలోనే మొగ్గలు వేయాలి, మెలికలు తిరగాలి, చివరకు నిట్టనిలువుగా చేతులు ముందు పెట్టి నీటిలో దిగాలి. నిశ్చలంగా, తేటగా ఉన్న నీటి ఉపరితలం పైనుండి చూచేవారికి ఆనవాలు చిక్కదు. అందుచేత నీటిపై సన్నని తుంపరలు చల్లుతూ చిన్న అలలు కల్పిస్తారు. క్రొత్త విద్య నేర్చుకునేవారికి దెబ్బ తగలకుండా అడుగునుండి గాలిబుడగలు పంపి నీటిని మెత్తపరుస్తారు. అంతకుముందే నేలమీద నడుముకు త్రాళ్ళు కట్టి, నురుగుదిమ్మలు నింపిన గోతులలోనికి దూకించి నెలల తరబడి సాధన చేయిస్తారు. నీరు ఎంత తక్కువ చిందితే అంత మెచ్చుకోలు. భాగవతంలో బాలకృష్ణుడు ఎత్తయిన కడిమిచెట్టెక్కి, నడుముకట్టు బిగించి, భుజం చరచి కాళియుని మడుగులోనికి దూకినపుడు నీరు నూరు విండ్ల దూరం పొంగిపొరలిందట. నేటి న్యాయనిర్ణేతలైతే ఆ స్వామికి సున్న వేసి ఉండేవారు! అయితే ఒక మాట... ఆ మడుగులో ఏమున్నదో ఎరిగి దూకినవాడాయన. తక్కిన గొల్లపిల్లలెవ్వరూ దూకలేదు.

మన పిల్లలు దూకుతారు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజి వచ్చింది. నాటినుండి నేటివరకు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, వాటి పిల్లకాలువలు డెల్టా అంతటా పారుతున్నాయి. పడవలు నడిచిన కాలంలో కట్టిన లాకులున్నాయి. పడవలు పోయినా ఏలూరు లాకులు, బందరు లాకులు అని విజయవాడలో కూడళ్ళ పేర్లుగా ఆ మాట నిలిచింది. లాకు గోడ, వంతెన పిట్టగోడ, తూము దిమ్మ... డెల్టా కుర్రవానికి ఇవే స్ప్రింగ్‌బోర్డులు. మూడు మీటర్ల వంతెన మీదినుండి దూకితే నీటిని తాకే వేగం గంటకు 28 కిలోమీటర్లు. ఒలింపిక్ కొలత ప్రకారం అక్కడ 3.7 మీటర్ల నీరుండాలి. ఉండేది ఎంత? ఎవరికీ తెలియదు, అందులోనూ ప్రతిరోజూ ఒకలాగ ఉండదు.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. బడికి వేసవి సెలవులిచ్చే రోజులలోనే కాలువలు కట్టివేస్తారు. మధ్యలో మంచినీటి చెరువులు నింపడానికి కొన్నాళ్ళు వదులుతారు, మరల కట్టివేస్తారు. కాలువ నిండుగా ఉన్న సార్వా రోజులలో పిల్లలు బడిలో ఉంటారు. నీరు తగ్గిన ఎండాకాలంలో వంతెనలమీద ఉంటారు. బురదనీటికి పైనుండి చూస్తే మొలలోతూ ఒకటే, రెండు నిలువులూ ఒకటే.

నేను పనిచేసిన ఒక ఊరిలో తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు ఉండేవాడు. మంచి కంఠం. సీసపద్యాన్ని ఒక్క తడబాటు లేకుండా రాగయుక్తంగా చదివేవాడు. ఒక వేసవిలో, ముందునాడు దూకిన చోటనే మరునాడూ దూకాడు. రాత్రికి రాత్రి పైన కాలువ కట్టివేశారు. తల నేలకు తగిలింది, మెడ ఎముక విరిగింది. తోటిపిల్లలు చేతులూ కాళ్ళూ పట్టుకుని గట్టుకు లాగారు. అటువంటి వేళ తలను, మెడను, వీపును ఒకే వరుసలో కదలకుండా నిలపాలని వారికి ఎవరు చెప్పారు గనుక! ఆ తరువాత వాడు మంచం దిగలేదు. చూడడానికి వెళ్ళినప్పుడల్లా పద్యం అందుకునేవాడు. పాదం పూర్తయ్యేసరికి ఊపిరి చాలేది కాదు. యతిస్థానం దగ్గరే ఆగిపోయేవాడు. మిగిలినది నేను పూర్తిచేసేవాణ్ణి.

“పిల్లలను దూకవద్దని చెబితే సరిపోదా మాస్టారూ?” అని అడిగేవారున్నారు. ముప్పది ఏళ్ళకు పైగా బడిలో చెప్పినవాణ్ణి గనుక అంటున్నాను, సరిపోదు. నీరు కనబడితే దూకాలనిపించడం బాల్యపు లక్షణం. చేయగలిగినదల్లా ఆ దూకుడుకు తగిన చోటు చూపించడం.

చోటు చూపిస్తే ఏమవుతుందో చైనావారు చూపారు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఝాన్‌జియాంగ్ ప్రాంతపు పల్లెటూరి రైతుబిడ్డ చువాన్ హోంగ్‌చాన్ ఏడేళ్ళ వయసున బడి ఆవరణలో, మన తొక్కుడుబిళ్ళ వంటి ఆట ఆడుతుండగా ఒక శిక్షకుని కంటపడింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, 14 ఏళ్ళకు, పది మీటర్ల వేదికపై 466.20 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. 2024లో పారిస్‌లో మరల గెలిచింది. అక్కడ డైవింగ్‌లో ఉన్న 8 స్వర్ణాలూ చైనావారికే దక్కాయి. మన తొక్కుడుబిళ్ళ ఆటగత్తెలలో అంతటివారు లేరని ఎవరనగలరు? చూచే కన్ను, దూకే మడుగు ఉండాలి గాని!

మన దేశానికి ఈ విద్య క్రొత్తదీ కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో కె.పి. ఠక్కర్ ఊగుపలకమీదా, వేదికమీదా రెండింటా స్వర్ణాలు గెలిచాడు. 1982 ఆసియా క్రీడలకు ఢిల్లీ తాల్‌కటోరాలో జలక్రీడా ప్రాంగణం వెలసింది, 2010 కామన్‌వెల్త్ క్రీడలకు దానిని మరల తీర్చిదిద్దారు. ఉమ్మడి రాష్ట్రంలో 2002 జాతీయ క్రీడల సందర్భంగా గచ్చిబౌలిలో ఒకటి కట్టారు, 2014 తరువాత అది పొరుగు రాష్ట్రంలో ఉన్నట్లయింది. ఇవన్నీ ఏదో ఒక ఉత్సవం కోసం కట్టినవే. ఉత్సవం ముగిసిన మరునాడు ఊరిపిల్లలకు తలుపు తెరచి ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.

కట్టడం ఒక ఎత్తు, నీటిని కాపాడడం మరొక ఎత్తు. 2016 రియో ఒలింపిక్స్‌లో పోటీలు జరుగుతుండగానే దూకుమడుగులోని నీరు పచ్చగా పాచిరంగుకు తిరిగింది. ఎవరో పోసిన 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడు క్లోరిన్ పనిచేయకుండా చేసిందని తరువాత తేలింది. అంతటి హంగామా నడుమ అట్లా జరిగితే, మన పురపాలక కొలనులకు ఎంత జాగ్రత్త కావాలో ఊహించండి.

ఖర్చు మాట వస్తుంది. 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు గల మడుగుకు 25 లక్షల లీటర్ల నీరు పడుతుంది. వినడానికి పెద్దదే. కాని ఒక ఎకరం వరిచేనులో పంటకాలమంతటికీ కలిపి మీటరు నీరు పెట్టామనుకుంటే 40 లక్షల లీటర్లు. డెల్టాలో ఎకరం చేనుకు చాలని నీటితో, వడకట్టి వాడుకుంటే, ఒక తరం పిల్లలకు విద్య నేర్పవచ్చును. ఆ లోతు ఆటకే కాదు, వరదలలో రక్షించేవారి శిక్షణకూ పనికివస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ ఇళ్ళలోనికి వచ్చినపుడు ఆ అవసరం ఎంతటిదో చూశాము గదా!

కాబట్టి నా మనవి మూడు మాటలు. అమరావతి ప్రణాళికలోని తొమ్మిది నగరాలలో క్రీడానగరం ఒకటి. అందులో ఈతకొలను గీసేవారు ప్రక్కనే అయిదు మీటర్ల లోతున ఒక మడుగు కూడా గీయాలి. ముందు 1, 3, 5 మీటర్ల ఎత్తులు చాలును, పది తరువాత రావచ్చు. లోతు మాత్రం మొదటనే త్రవ్వాలి, తరువాత పెంచడం కుదరదు. రెండవది, ప్రతి లాకు దగ్గరా, పెద్ద వంతెన దగ్గరా పిల్లల కంటికి ఆనేటట్లు తెలుగు అంకెలలోనో మామూలు అంకెలలోనో లోతుగుర్తులు వ్రాయాలి. పైరుకు ఎంత నీరు పోతున్నదో చూడడానికి నీటిపారుదల శాఖవారు కొలబద్దలు పెట్టుకున్నారు గదా, ఆ లెక్కనే పిల్లలకూ చెబితే చాలును. రెండు నిలువులకు తగ్గితే ఆ గుర్తు ఎర్రగా ఉండాలి. మూడవది, డ్రిల్లు మాస్టార్లకు మెడ దెబ్బ తగిలినవానిని నీటినుండి తీసే పద్ధతి నేర్పాలి. మొదటిదానికి కోట్లు కావాలి. తక్కిన రెండింటికి ఒక డబ్బా రంగు, ఒక రోజు తరగతి చాలు.

మీ మీ ఊళ్ళలో పిల్లలు దూకే చోట్లు ఏవి, అక్కడ వేసవిలో నీరు ఎంత ఉంటుంది? ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఒక గడకర్ర దించి చూడండి. ఎన్ని నిలువులో వ్యాఖ్యలలో వ్రాయండి. ఆ లెక్క మొత్తం ఒకచోట చేర్చి సంబంధిత అధికారులకు పంపే భారం నాది.

స్వస్తి.