తోక దగ్గర బేరాలొద్దు

రేడియోతో ఎగిరే బొమ్మ విమానంలో రెక్కలను ఆడించే చిన్న డబ్బీని సర్వో అంటారు. దాని పళ్లచక్రాలు అరిగితే మరొకటి వెయ్యాలి గదా. ఏదిబడితే అది పనికిరాదు. 9 గ్రాములదాని చోట 20 గ్రాములది తోకలో కూర్చోబెడితే విమానం ముక్కు పైకెత్తి తూలుతుంది. బలం, వోల్టేజీ సరిపోవాలి. ఫుటాబా ఇరుసుకు 25 పళ్లు, జె.ఆర్. ఇరుసుకు 23, ఒకదానికి తొడిగే చెయ్యి రెండోదానికి పట్టదు. రెండు పళ్ల తేడాతో సంబంధం తప్పిపోతుందన్నమాట!

మావాడు అన్నింటికన్నా చవకది ఏరాడు. "తోకకు మాత్రం వద్దురా" అన్నాను. ప్రక్క రెక్కల సర్వోలు రెండింటిలో ఒకటి మొరాయించినా ఎలాగో దింపుకోవచ్చు. తోకది గాలిలో ఆగిందంటే, మైదానంలో ఆడుకునే పిల్లల నెత్తినే పడవచ్చు.