సినిమా రైతుకు గేదె ఉండదు

తెలుగు సినిమాలో రైతును గుర్తుపట్టడం చాలా తేలిక. తెల్ల పంచె, తలపాగా, భుజాన నాగలి. మొదటి పాటలో పచ్చని చేను మధ్య నవ్వుతూ కనిపిస్తాడు. ఇంటర్వెల్ వేళకు వడ్డీవ్యాపారి వస్తాడు, లేదా కంపెనీవాడు వచ్చి భూమి అడుగుతాడు. ఆ తరువాత రైతు ప్రాణమన్నా తీసుకుంటాడు, పట్నం నుంచి హీరో అన్నా దిగుతాడు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఈ రైతు ఒక్కనాడూ పేడ ఎత్తలేదు. అతని గేదె ఎదకు రాలేదు, చూడి నిలవక తిరగబడలేదు, దాని పొదుగు వాయలేదు. పాలకేంద్రం దగ్గర క్యాను పట్టుకుని వరుసలో నిలబడటం నేనైతే చూడలేదు. సంక్రాంతి పాటలో మాత్రం ఎద్దులు వస్తాయి, కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. పాట అయిపోగానే అవి ఎక్కడికి పోతాయో, ఎవరు మేపుతారో తెలియదు.

సినిమా గొడవ మనకెందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. తెర మీద ఏ రైతు ఉన్నాడో సచివాలయంలో కూర్చున్న వాళ్ళ బుర్రలోనూ ఆ రైతే ఉన్నాడు, అందుకు. రైతు అంటే పొలం, రైతు అంటే పంట, రైతు అంటే మగవాడు. ఆ లెక్కలో ఏడాదికి ఒకటి రెండుసార్లు పంట డబ్బు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. మధ్యలో ఆ ఇల్లు రోజూ దేని మీద గడుస్తున్నదో అడిగే దిక్కు లేదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం ఒక హెక్టారు కూడా లేదు. రెండెకరాల మిరప, కంది చేతికొచ్చేదాకా పిల్లల ఫీజు, ఉప్పూ పప్పూ, కరెంటు బిల్లు ఎక్కడి నుంచి వస్తాయి? పదిహేను రోజులకొకసారి వచ్చే పాలబిల్లు నుంచి వస్తాయి. చేతిలో రూపాయి లేనినాడు జ్వరం వస్తే ఒక మేకపోతు ఆసుపత్రి ఖర్చు అవుతుంది. చుట్టం వస్తే కోడి కూర అవుతుంది. మా ప్రకాశం జిల్లాలో మెట్ట రైతును నిలబెట్టింది చాలా ఊళ్ళలో గేదే. ఇది మనకు తెలిసినంతగా తెరకు తెలియదు.

ఒకప్పుడు తెర మీద భూమి మాత్రమే ఉండటానికి కారణం ఉంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీసి జమీందారీని వేలెత్తి చూపితే జమీందార్లు దాన్ని ఆపించాలని చూశారు. 1955లో తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ తీశారు. 1979లో గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లో నిజాం కాలపు తెలంగాణను చూపించారు. ఆనాటి పోరాటం భూమి కోసం, సినిమా కూడా భూమి గురించే మాట్లాడింది. అవి రైతు పక్కన నిలబడి తీసిన సినిమాలు. వాటితో మనకు పేచీ లేదు.

పేచీ ఇప్పటివాటితో. 2017లో వచ్చిన ‘ఖైదీ నంబర్ 150’లో ఊరి గోడు లోకానికి వినపడాలంటే ముసలి రైతులు ప్రాణాలు తీసుకోవలసి వచ్చింది. 2019లో వచ్చిన ‘మహర్షి’లో అమెరికా కంపెనీ పెద్ద ఊరికి వచ్చి మనకు వ్యవసాయం విలువ చెప్పాడు. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ సినిమా పుణ్యమా అని వారాంతపు వ్యవసాయం అనే మాట పుట్టింది. పట్నం పిల్లలు కొందరు ఆదివారం పూట పొలాల్లోకి దిగి ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళను తప్పుపట్టను, మట్టి తొక్కితే మంచిదే. ఒక్క మాట మాత్రం అడుగుతాను. గేదెకు శని, ఆదివారాలు తెలుస్తాయా? ఆదివారం పిండిన పొదుగు సోమవారం తెల్లవారుజామున మళ్ళీ నిండుతుంది. వారాంతపు పాడి అని ఎవరన్నా పెట్టి చూపించండి, నేను వచ్చి చూస్తాను.

పాడి ఉన్న ఇంట్లో సినిమా ఎలా చూస్తారో సినిమావాళ్ళకు తెలుసా? మొగుడూ పెళ్ళాం కలిసి ఎప్పుడూ వెళ్ళరు. ఒకరు వెళితే ఒకరు గొడ్ల దగ్గర ఉండాలి. మా చిన్నప్పుడు ఊరి బయట టూరింగ్ టాకీసు ఉండేది. పొద్దుగూకే వేళకు మైకులో పాటలు మొదలయ్యేవి. ఆ పాటలు వినపడితే పాలు పిండి తీరాలి, మేత వేసి తీరాలి, అప్పుడే నేల టిక్కెట్టు. ఆడవాళ్ళు రెండో ఆటకే వచ్చేవాళ్ళు, సగానికి పైగా సినిమా నిద్రలోనే పోయేది. తెల్లవారి నాలుగింటికి లేచిన మనిషికి రాత్రి పదింటికి ఏ హీరో కనపడతాడు? ఇప్పుడు టాకీసు లేదు, సెల్‌ఫోను ఉంది. మా తమ్ముడి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. కుడితి తొట్టి మీద ఫోను ఆనించి సినిమా చూస్తూ చొప్ప నరుకుతాడు. మొన్న నన్ను ఎగాదిగా చూసి, ‘పెదనాన్నా, నువ్వు సినిమాలో రైతులా లేవు’ అన్నాడు. లుంగీకి పేడ అంటి ఉంది మరి.

ఇక లెక్కకు వద్దాం. పోయిన పదిహేను రోజుల బిల్లు నా దగ్గర ఉంది. మా ఇంట్లో ఇప్పుడు పాలిచ్చే గేదె ఒకటే, రెండోది వట్టిపోయింది. ఇంటికి లీటరు ఉంచుకుని రోజుకు ఆరు లీటర్లు కేంద్రానికి పోశాం. సగటు వెన్న 6.4. లీటరుకు 49 రూపాయల చొప్పున 90 లీటర్లకు 4,410 రూపాయలు. దాణా, తవుడు, పత్తిచెక్కకు 2,300 అయ్యింది. ఎండుగడ్డి, చొప్ప లెక్కగడితే 900. మిగిలింది 1,210 రూపాయలు, అంటే రోజుకు 80. తెల్లవారుజామున పేడ తీయడం మొదలు రాత్రి మేత వేయడం దాకా మా ఇంట్లో ఇద్దరి చాకిరీ కలిపి రోజుకు ఐదు గంటలకు తక్కువ ఉండదు. గంటకు 16 రూపాయలు పడింది. ఇందులోనే వట్టిపోయిన గేదెను మేపాలి, సూది మందు తేవాలి, దూడను బతికించాలి.

ఆ ఐదు గంటల్లో మూడున్నర గంటలు మా ఇంటావిడవి. పట్టాదారు పాసుపుస్తకం నా పేరున ఉంది, సినిమాలో తలపాగా కూడా నాకే పెడతారు. ఆమె కష్టానికి బిల్లులో గడి లేదు.

వెన్న శాతం సంగతి చూడండి. 0.1 తగ్గితే లీటరుకు ముప్పావలా పోతుంది. మిషను తెర కొలిచేవాడి వైపు తిరిగి ఉంటుంది, పోసేవాడికి చీటీ మాత్రం ఇస్తారు. అదే గేదె, అదే మేత, నిన్న 6.4 ఉన్నది ఇవాళ 6.0 ఎందుకయ్యిందని అడిగితే ‘వాతావరణం’ అంటారు. అలా పదిహేను రోజులూ పడితే 270 రూపాయలు పోయినట్టే. వెన్న ఒక పూటకూ మరో పూటకూ మారే మాట నిజమే. మారినప్పుడు మన కళ్ళ ముందు మారాలని అడుగుతున్నాం, అంతే.

మన పాల మీద సినిమా అసలే రాలేదని కాదు, వచ్చింది. గుజరాత్‌లో వచ్చింది. 1976లో శ్యాం బెనెగల్ ‘మంథన్’ తీశారు. ఐదు లక్షల మంది పాడి రైతులు తలా రెండు రూపాయలు ఇస్తే ఆ పది లక్షలతో తయారైన సినిమా అది. పశువైద్యుడు ఊరికి రావడం, తక్కువ ధర ఇచ్చే ప్రైవేటు డైరీవాడు, సంఘం పెట్టబోతే ఊళ్ళో కులాల మధ్య లేచిన గొడవ, అన్నీ అందులో ఉన్నాయి. తమ డబ్బుతో తీసిన సినిమా అని రైతులు బండ్లు కట్టుకుని వెళ్ళి చూశారు. 2024లో దాన్ని బాగుచేసి కాన్ చిత్రోత్సవంలో మళ్ళీ వేశారు. తమిళంలో 2022లో ‘కడైసి వివసాయి’ వచ్చింది, చివరి రైతు అని అర్థం. నెమళ్ళను చంపాడన్న కేసులో ముసలి రైతును పట్టుకుపోతే అతని దిగులంతా పైరుకు నీళ్ళు ఎవరు పెడతారనే. చివరికి న్యాయాధికారి కానిస్టేబులును నీళ్ళు పెట్టమని పంపవలసి వస్తుంది. ముఖ్య వేషం వేసింది ఊళ్ళో ఉండే నిజమైన ముసలాయనే. రోజువారీ పని ఎలా ఉంటుందో ఎరిగినవాడు తీసిన సినిమా అలా ఉంటుంది. హీరో ఎగిరి తన్నకపోయినా జనం చూస్తారు.

సినిమావాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుంది. 2021 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవోలో పంచాయతీల్లో ఏసీ లేని హాళ్ళకు 5, 10, 15 రూపాయల టిక్కెట్లు పెట్టారు. గిట్టుబాటు కాదని నిర్మాతలు, పంపిణీదారులు, హాళ్ళవాళ్ళు, హీరోలు అందరూ ఒక్కటయ్యారు. 2022 ఫిబ్రవరిలో పెద్ద హీరోలు తాడేపల్లి వెళ్ళి ముఖ్యమంత్రిని కలిశారు. మార్చిలో కొత్త జీవో వచ్చింది, కనీస టిక్కెట్టు 20, గరిష్ఠం 250. భారీ సినిమాలకు మొదటి పది రోజులు అదనం. అది చాలక 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ముందురోజు ఆటకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టిక్కెట్టు 800 రూపాయలు దాటింది, ప్రభుత్వాల అనుమతితోనే. కడుపుమంటతో చెప్పడం లేదు. ఖర్చు ఇంత, కాబట్టి ధర ఇంత అని వాళ్ళు అడిగారు, సాధించుకున్నారు. ఆ మాట పాలు పోసేవాడు అడిగితే ‘మార్కెట్టు నిర్ణయిస్తుంది’ అనే జవాబు ఎందుకు వస్తున్నది? పంటలకు కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో పాలు లేవు. ఆ మద్దతు ధర సరిగా అందదన్నది వేరే పోరాటం. పాలకు అసలు పేరుకైనా లేదు. పక్కన కర్ణాటకలో సహకార సంఘాలకు పాలు పోసేవారికి ప్రభుత్వం లీటరుకు 5 రూపాయల ప్రోత్సాహకం పెట్టింది. అక్కడ పెట్టగలిగింది ఇక్కడ ఎందుకు పెట్టలేరు?

నష్టపరిహారం ఇంకో అన్యాయం. వరదలో, తుపానులో పాడి పశువు పోతే కేంద్ర విపత్తు నిబంధనల ప్రకారం 37,500 రూపాయలు, అదీ ఇంటికి మూడింటికే. రెండో ఈత ముర్రా గేదెను ఇవాళ ఏ సంతలోనైనా ఆ డబ్బుకు ఇస్తారేమో అడిగి చూడండి, పలుపు కూడా ముట్టుకోనివ్వరు. సినిమాలో ఎద్దును చూపించాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి, ఏ జంతువుకూ హాని జరగలేదని మొదట్లో అక్షరాలు వేయాలి. మంచి నిబంధనే. ఆ ఎద్దును సాకిన రైతుకు హాని జరగలేదని వేయమంటే ఎవరు వేయగలరు?

మన సంఘాన్ని కూడా ఒక మాట అనాలి. మన కోర్కెల పత్రాలు తీసి చూడండి. ధాన్యం, మిర్చి, పొగాకు, పత్తి, రుణమాఫీ, కౌలు కార్డులు. పాలధర ఉంటే చివర ఎక్కడో ఒక వరుస. సభల ఫోటోల్లో తలపాగాలే ఎక్కువ. సినిమా రైతు మన కరపత్రాల్లోకీ దూరాడు. పాలధరను మొదటి మూడు కోర్కెల్లోకి తేవాలి. ఖర్చు లెక్కలో ఇంటి ఆడవాళ్ళ పనిగంటలకు కూలి కట్టాలి. మిషను తెర పోసేవాడి వైపు తిప్పాలని ప్రతి కేంద్రం దగ్గరా పట్టుబట్టాలి. పశువు పోతే సంత ధర ఇవ్వాలని అడగాలి.

ఈసారి మండల సభకు వచ్చేవాళ్ళు ఆరు నెలల పాలచీటీలు ఉన్నవి ఉన్నట్టు తీసుకురండి, అందరివీ కలిపి లెక్క తీద్దాం. సభ పెట్టే కార్యకర్తలకు ఒక విన్నపం. ఆడవాళ్ళు రావాలంటే పదకొండుకు మొదలుపెట్టి రెండున్నరకల్లా వదిలిపెట్టండి. నాలుగింటికి పాలు పిండాలి.