శిక్ష ఆడపిల్లకా?

2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ అనే యాప్‌లు ముస్లిం స్త్రీల ఛాయాచిత్రాలను దొంగిలించి, వారిని వేలానికి పెట్టినట్లు ప్రదర్శించాయి. రెండవ కేసులో అరెస్టయినవారిలో 18 ఏళ్ల యువతి, 21 ఏళ్ల విద్యార్థి ఉన్నారు.

ఇటువంటి వార్త వినగానే మన ఇళ్లలో చాలాచోట్ల జరిగేదేమిటి? కూతురి చేతిలోని ఫోను లాక్కోవడం, ఆపై కాలేజీ మాన్పించడం. నేరం చేసినవాడు ఎక్కడో నిశ్చింతగా ఉంటాడు. శిక్ష ఆడపిల్ల అనుభవిస్తుంది. ఇది చూసిన పిల్ల, రేపు ఎవరైనా ఫోటో మార్చి బెదిరించినా ఇంట్లో నోరు విప్పదు. బెదిరించేవాడికి కావలసింది ఆ మౌనమే.

పరువు పోతుందని వెనుకాడేవారు చట్టాన్ని తెలుసుకోవాలి. 18 ఏళ్లలోపు పిల్లలను అశ్లీల చిత్రాలతో బెదిరించడం, అవి కల్పితమైనవైనా సరే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. బాలిక వాంగ్మూలాన్ని ఆమె ఇంటివద్ద లేదా ఆమె కోరినచోట, యూనిఫాం ధరించని అధికారి నమోదు చేయాలి. పత్రికలు ఆమె పేరు వెల్లడించరాదు. బాలల సహాయవాణి నంబరు 1098. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇటువంటి నేరాలపై పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. బెదిరింపు సందేశాలను మాత్రం చెరిపివేయరాదు, అవే సాక్ష్యం.

ఈ నిబంధనలను పాటించమని పోలీసులను అడగడం మన హక్కు. వాటిని జుమా నమాజు అనంతరం తల్లిదండ్రులకు వివరించడం మసీదు కమిటీల బాధ్యత అని మేము భావిస్తున్నాము. అన్నిటికన్నా ముందు, ‘తప్పు నీది కాదు బేటీ’ అన్న మాట ప్రతి ఇంటా వినబడాలి.