ఇచ్చినవాడికి అడిగే హక్కు

పోయిన నెల మా తెలుగు సంఘం సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు బొమ్మసంద్ర పేరెత్తి ఎంతో మురిసిపోయారు. ఇక్కడి నారాయణ హృదయాలయవారు 2014లో కేమన్ దీవుల్లో ఆసుపత్రి తెరిచారు, ఇక్కడి బయోకాన్‌వారి ఇన్సులిన్ అమెరికా చేరింది, ఒకనాడు చెయ్యి చాచిన మనం ఇవాళ పెట్టే చెయ్యి అయ్యాం, ఇంతకంటె ఏం కావాలి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"పెట్టింది ఎవరి నోట్లో పడిందో చూశామా మాస్టారూ?" అన్నాను నేను.

"మీ బ్యాంకువాళ్ళకు ప్రతిదీ లెక్కేనండీ! విద్యాదానానికి కూడా వడ్డీ కడతారా?" అని ఆయన నవ్వేశారు. సభలో చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నేను చదివింది బీకాం. వైద్యం నాకు తెలియదు. బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో చిన్న చిన్న పరిశ్రమలకు అప్పులిచ్చే ఉద్యోగం నాది. అప్పు మంజూరు చేసి మేము ఊరుకోము. లేత్ మిషనుకని తీసుకున్న సొమ్ముతో లేత్ మిషనే కొన్నారా, కూతురి పెళ్ళి చేశారా అని షెడ్డుకు వెళ్ళి చూసి వస్తాం. రెండు లక్షల అప్పుకు ఉన్న ఈపాటి జాగ్రత్త, కోట్ల ప్రాణాలకు సంబంధించిన విద్యను చేతులు మార్చేటప్పుడు ఎందుకు ఉండకూడదు?

ఇన్సులిన్ సంగతే తీసుకోండి. బయోకాన్, దాని విదేశీ భాగస్వామి కలిసి తయారుచేసిన 'సెంగ్లీ'ని, ఖరీదైన 'లాంటస్'కు బదులుగా మందుల షాపువాడే ఇవ్వవచ్చునని 2021 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఆ ఏడాది చివర అది అక్కడి మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒకే మందుకు రెండు ధరలు పెట్టారు. అయిదు పెన్నుల పెట్టె, బ్రాండు పేరుంటే సుమారు 404 డాలర్లు, పేరు లేకపోతే సుమారు 148 డాలర్లు. లోపలి సరుకు మాత్రం ఒక్కటే. కారణమేమంటే, బీమా కంపెనీల తరఫున మందుల జాబితాలు తయారుచేసే దళారులు అక్కడ ఉన్నారు. ధర ఎంత పెద్దదైతే వాళ్ళకు తిరిగి ముట్టే రిబేటు అంత పెద్దది. అనగా, చవగ్గా చేసే విద్య సముద్రం దాటింది గాని చవకదనం సగం దారిలో ఆగిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది! అమెరికాలో బీమా లేని చక్కెర రోగి కూడా పేదవాడే. మన విద్య అతనికి చేరిందా అని అడిగే హక్కు మనకు లేదా?

మాస్టారు దీనికి జవాబుగా ఉప్పు-చక్కెర నీళ్ళ కథ చెప్పవచ్చు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బొన్‌గావ్‌లో, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఆ నీళ్ళు తాగించి, నూటికి ముప్ఫై దాకా ఉన్న కలరా చావులను నాలుగు లోపుకు దించారు. ఆ విద్యను లోకానికి వదిలేశారు, ఏ షరతూ పెట్టలేదు. నిజమే. ఆ మహానుభావుడికి నమస్కారం. కాని ఆ నీళ్ళు ఏ తల్లయినా చెంబులో కలుపుకోగలదు. మధ్యలో దళారి నిలబడడానికి చోటే లేదు. ఇన్సులిన్‌ను చెంబులో కలపలేం కదా! ఫ్యాక్టరీ, లైసెన్సు, పేటెంటు ఉన్నచోట షరతు రాసుకోకుండా ఇవ్వడం ఔదార్యం అనిపించుకోదు, అజాగ్రత్త అనిపించుకుంటుంది.

షరతు ఉంటే ఏమవుతుందో కూడా చూశాం. 1970 నాటి మన పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. ఆ దన్నుతోనే 2001లో సిప్లా, ధనిక దేశాల్లో ఏడాదికి పది వేల డాలర్లు దాటే ఎయిడ్స్ మందులను ఆఫ్రికా రోగులకోసం 350 డాలర్లకే ఇస్తామంది. 2005లో మనమే ఆ చట్టం మార్చుకున్నాం.

ఇక మన తప్పు. 2020 అక్టోబరులో కోవిడ్ మందులకు, టీకాలకు పేటెంట్లు సడలించమని దక్షిణాఫ్రికాతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగిన దేశం మనది. పేద దేశాలకు పంపుతామన్న ఒప్పందంమీదే పూణే సీరం సంస్థకు ఆక్స్‌ఫర్డ్ టీకా చేసే విద్య దక్కింది. 2021లో రెండో అల వచ్చాక ఎగుమతులు నెలల తరబడి ఆపేశాం. ఆఫ్రికాలో ఒక డోసు వేసుకున్నవాళ్ళు రెండోదానికోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. మా శాఖలోనే ఇద్దరిని పోగొట్టుకున్న రోజులవి. ఇంట్లో పీనుగుండగా పొరుగింటికి ఎలా పంపుతామని నేనూ వాదించాను. ఇవాళ తలచుకుంటే తల వంచుకోవాలనిపిస్తుంది. మా వీధి చివర పాతికేళ్ళ కుర్రాడు నాకంటె ముందు టీకా వేసుకుంటే నేను కేకలేసేవాణ్ణి. అలాంటిది, పాతికేళ్ళవాడికి టీకా మొదలైన నా దేశం, ఇంకా ఒక్క డోసూ అందని పరాయి దేశపు నర్సు గురించి ఆలోచించనే లేదు. అడిగే హక్కు కావాలన్నవాడు అడిగించుకోవడానికీ సిద్ధపడాలి.

అందుచేత నేను కోరేది ఒకటే. బొమ్మసంద్ర నుంచి గాని, హైదరాబాదు నుంచి గాని ఒక వైద్య విద్య బయటికి వెళ్ళినప్పుడు, బయటినుంచి మనకు వచ్చినప్పుడు, అది ఎవరికి, ఏ ధరకు అందాలో ఒప్పందంలోనే రాయాలి. రాసిన మాట నిలిచిందా అని ఏడాదికోసారి అందరికీ తెలిసేలా లెక్క చెప్పాలి. కష్టకాలంలో ఆపవలసి వస్తే ఎంతకాలం, ఎంత భాగం అన్నదీ ముందే తేల్చుకోవాలి.

మాస్టారూ, విద్యాదానానికి వడ్డీ కట్టమని నేననడం లేదు. ఎవరి పేరు చెప్పి ఇచ్చామో వాళ్ళకు చేరిందా లేదా, ఒకసారి వెళ్ళి చూసి వద్దామంటున్నాను.