చక్రము చెప్పు లెక్క

సైకిలు హ్యాండిలునకు అమర్చు చిన్న కంప్యూటరు దూరమును చూడజాలదు. ముందు చక్రము ఎన్ని చుట్లు తిరిగెనో మాత్రమే లెక్కించును. స్పోకునకు బిగించిన అయస్కాంతము ఫోర్కు మీది సెన్సరును దాటిన ప్రతిసారియు ఒక చుట్టు లెక్కకు వచ్చును. ఆ చుట్లను మనము ముందుగా నమోదు చేసిన చుట్టుకొలతతో హెచ్చించి యంత్రము దూరమును తెలుపును. మనమిచ్చిన సంఖ్య తప్పైనచో ఆ తప్పునే అది ధీమాగా మనకు తిరిగి చెప్పును.

మన వీధులలో తిరుగు పెద్ద సైకిలు టైరు కొలత 28 × 1½. 28 అంగుళములనగా 711 మిల్లీమీటర్లు, దానిని 3.1416తో హెచ్చించిన 2234 వచ్చును. అదే టైరును 40-635 అనియు గుర్తింతురు. అనగా రిమ్ముపై టైరు కూర్చుండు చోట వ్యాసము 635, టైరు మందము 40. రెండు వైపుల మందమును కలిపిన వ్యాసము 715, చుట్టుకొలత 2246. కంప్యూటరుతో లభించు పట్టికలలోనో 2265 అని కనబడును. ఒకే చక్రమునకు మూడు సంఖ్యలు! చివరి రెంటికి భేదము 19 మిల్లీమీటర్లే. కాని 100 కిలోమీటర్ల ప్రయాణమున అది దాదాపు 840 మీటర్లగును.

సూత్రము తప్పు కాదు; అయితే సూత్రములోని చక్రముపై మనిషి కూర్చుండడు. మనిషి బరువునకు టైరు అణగును. గాలి తగ్గినచో మరింత అణగును. కావున తీర్పు చెప్పవలసినది నేలయే. తగినంత గాలి నింపి, ముందు చక్రపు వాల్వును క్రిందికి తెచ్చి, అచ్చట సుద్దగీత గీయవలెను. పిదప సైకిలెక్కి కూర్చుండి, మిత్రుడు ఆనుకొని పట్టగా, తిన్నగా ఐదు చుట్లు సాగి, వాల్వు మరల క్రిందికి వచ్చిన చోట రెండవ గీత గీయవలెను. నడిమి దూరమును ఐదుతో భాగించిన లభించునదే మన చక్రపు నిజమైన సంఖ్య.

ఫోను ఉపగ్రహముల సాయమున దూరము చెప్పు ఈ కాలమున ఇంత శ్రమ ఏల యని కొందరడుగవచ్చును. 42.195 కిలోమీటర్ల మారథాన్ బాటను అంతర్జాతీయ నియమముల ప్రకారము నేటికిని సైకిలు చక్రపు చుట్లతోనే కొలుచుచున్నారు. ఆ కొలతకు ముందును, పిదపను, ఉక్కు టేపుతో కొలిచిన నిడివిపై అదే సైకిలును నడిపి సరిచూతురు. నమ్ముటకు ముందు పరీక్షించుట అచ్చట నియమము.

మన విద్యార్థులలో అనేకులు అచ్చులో నున్న సంఖ్యను చూచినంతనే కలము దించుచున్నారు. ఇది మమ్ము కలవరపెట్టుచున్నది. కళాశాల సైకిలు స్టాండు ప్రక్కన 12 మీటర్ల తిన్నని గీతను, సెంటీమీటర్ల గుర్తులతో, ఉక్కు టేపు పట్టి గీయింపవలసినదిగా కమిటీ వారిని కోరుచున్నాము. దీనికి కావలసినది ఒక రంగు డబ్బా, ఒక పూట పని. సైన్సు వారే గాక సాహిత్య విద్యార్థులును ఒక్కసారి తమ చక్రమును తామే కొలుతురు గాక!