అక్షరం అందరిదీ, ఖతి కాదు

"అక్షరాలకు హక్కుదారెవరండీ?" అంటూ ఒక మిత్రుడు తన 'కొత్త' ఖతిని నాకు పంపాడు. తెరిచి చూద్దును గదా, అది మండలి ఖతే! పేరు మారింది, లోపలి లైసెన్సు, కర్త పేరు మాయమయ్యాయి.

ఆయన వాదనలో సగమే సత్యం. అక్షరాకృతికి కాపీరైటు లేదని అమెరికా న్యాయస్థానం 1978లో ఎల్ట్రా కేసులో తేల్చింది. కానీ ఖతి ఫైలు కంప్యూటరు ప్రోగ్రామని, దానికి రక్షణ ఉందని 1998లో అడోబీ కేసులో అక్కడి మరో న్యాయస్థానం చెప్పింది. మన 1957 నాటి కాపీరైటు చట్టం సైతం ప్రోగ్రాములను సాహిత్యకృతులలోనే చేర్చింది.

శతాబ్దం నాటి సీసపు అచ్చుల పుస్తకం ముందుంచుకుని ఒక్కొక్క వొత్తూ మీరే గీయండి, జోహారంటాను. అంత ఓపిక లేదా, మండలినే మార్చుకోండి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాదనదు. పేరు మార్చడమూ తప్పు కాదు. హక్కుల ప్రకటనను చెరపవద్దని, మార్చినదాన్ని అదే లైసెన్సుతో పంచమని, ఖతిని మాత్రమే విడిగా అమ్మవద్దని అది కోరుతుంది. అంతే!

ఉచితంగా ఇచ్చినవాడి పేరు తుడిచేయడం నా దృష్టిలో చౌర్యమే. మన టపాను పేరు తీసి మరొకరు అతికించుకుంటే గగ్గోలు పెట్టే మనం, ఆ టపాకు రూపమిచ్చిన ఖతికర్త విషయంలో మౌనం వహించడం న్యాయమా?